పించర్ క్రీక్: సర్వే గీతలు, నదులు, రోడ్లు

కెనడాలోని కాల్గరీ ప్రాంతంలో స్థిరపడిన మన తెలుగువాళ్లు వాటర్టన్ సరస్సులకు వెళ్లేటప్పుడు ఆల్బర్టా నైరుతి మూలనున్న పించర్ క్రీక్ మునిసిపల్ డిస్ట్రిక్ట్ మీదుగా వెళ్తుంటారు. చాలామంది అక్కడ పెట్రోలు పోయించుకుని సాగిపోతారు. నాకు మాత్రం ఆ ప్రాంతాన్ని రోడ్డు రోడ్డునా చూడడం ఇష్టం. సుమారు 3,500 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో 3 వేలకు కాస్త అటూఇటూగా జనం ఉంటారు. మధ్యలో ఉన్న పించర్ క్రీక్ పట్టణానికి, కౌలీ గ్రామానికి వేరే పాలకవర్గాలున్నాయి. చుట్టూ ఉన్న పొలాలు, పశువుల పెంపకం క్షేత్రాలు (రాంచ్‌లు), లండ్‌బ్రెక్, బీవర్ మైన్స్, ట్విన్ బ్యూట్ వంటి చిన్న ఊళ్లు డిస్ట్రిక్ట్ పాలనలోకి వస్తాయి.

ఇక్కడి రోడ్లకు మూలం కెనడా ప్రభుత్వం 1871లో మొదలుపెట్టిన భూముల సర్వే. నేలను ఆరేసి మైళ్ల చదరాలుగా, ఒక్కో చదరాన్ని 640 ఎకరాల చొప్పున 36 సెక్షన్లుగా కొలిచి, వాటి మధ్య 66 అడుగుల వెడల్పున రోడ్ల కోసం స్థలం విడిచిపెట్టారు. ఉత్తర దక్షిణాలుగా మైలుకొకటి, తూర్పు పడమరలుగా రెండు మైళ్లకొకటి వచ్చేలా ఏర్పాటు చేశారు. మొదటివి రేంజ్ రోడ్లు, రెండోవి టౌన్‌షిప్ రోడ్లు. పడమరకు వెళ్లేకొద్దీ పెరుగుతూ 30 దాకా వచ్చిన రేంజ్ (ఉత్తర దక్షిణాలుగా సాగే చదరాల వరస) లెక్క, పట్టణానికి కాస్త పడమరగా 114వ డిగ్రీ రేఖాంశం దాటగానే మళ్లీ ఒకటితో మొదలవుతుంది. కొత్తవాళ్లు దారి తప్పేది ఇక్కడే.

దీనికి తోడు, భూమి గుండ్రంగా ఉండడం వల్ల ఉత్తరానికి పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి కనుక, సర్వేవాళ్లు ప్రతి 24 మైళ్లకూ ఒక దిద్దుబాటు గీత గీసి, దాని దగ్గర చదరాల వరసలను పక్కకు సర్దారు. అలాంటి గీత ఒకటి పట్టణానికి ఉత్తరాన పోతుంది. అటువంటి చోట నిటారుగా వచ్చిన కంకర రోడ్డు ఆగిపోతుంది. ఎదురుగా ముళ్లకంచె, దాని వెనక మేస్తున్న ఆవులు. పక్కకు తిరిగి కొంత దూరం పోతే గానీ ఉత్తరానికి వెళ్లే దారి దొరకదు. అక్కడ ఆగిన ప్రతిసారీ, కాగితం మీది లెక్క నేల మీద ఇంత స్పష్టంగా కనిపించడం నాకు అబ్బురమనిపిస్తుంది.

పడమటి కొండల్లో ఈ చదరాల లెక్క సాగదు. 774వ నంబరు హైవే బీవర్ మైన్స్ దాటాక కొండల మధ్య లోయ పట్టుకుని కాజిల్ మౌంటెన్ స్కీ కేంద్రం దాకా పోతుంది. క్రోస్‌నెస్ట్, కాజిల్, ఓల్డ్‌మన్ నదులు కలిసే చోట 1990ల ఆరంభంలో పూర్తయిన ఆనకట్ట ఉంది. ఈ నదులను ఎక్కడ దాటగలమన్నదాన్ని బట్టే చాలా ప్రయాణాల దూరం తేలుతుంది.

ఊళ్ల తలరాతను రైలు మార్చింది. 1897-98లో వేసిన క్రోస్‌నెస్ట్ రైలుమార్గం పట్టణాన్ని తాకకుండా కొన్ని కిలోమీటర్లు ఉత్తరంగా పోవడంతో అక్కడ పించర్ స్టేషన్ అనే వేరే ఊరు పుట్టింది. అదే మార్గం మీదున్న కౌలీ, లండ్‌బ్రెక్ పరిసరాల్లో 1915 నుంచి రష్యా మూలాలున్న డూఖొబోర్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు ఉమ్మడి సేద్యం చేశారు. ఇప్పటి 3వ నంబరు హైవే కూడా దాదాపు ఆ రైలు బాటనే అనుసరిస్తుంది.

కొండ కనుమల్లోంచి దిగే చినూక్ గాలి ఆ హైవే మీద ఖాళీ లారీలను సైతం పడగొట్టగలదు. కెనడాలో తొలి వాణిజ్య పవన విద్యుత్ కేంద్రం 1993లో కౌలీ రిడ్జ్ మీద వెలిసింది ఈ గాలి బలం వల్లనే. ఆ పాత గాలిమరలను 2016లో తొలగించినా, కొత్తవి చుట్టుపక్కల చాలానే తిరుగుతున్నాయి.

తూర్పున పికానీ అనే ఆదివాసీ జాతి రిజర్వు, అంటే వారికి కేటాయించిన భూమి ఉంది. అది డిస్ట్రిక్ట్ పరిధిలోకి రాదు, దాని పాలన దానిదే. సర్వేవాళ్ల కొలత గొలుసులు రాకముందు ఈ నేలంతా పికానీలతో కూడిన బ్లాక్‌ఫుట్ ప్రజలు తిరుగాడిన చోటు. అయినా చాలామంది ప్రయాణికులు ఆ రిజర్వులోని బ్రాకెట్ ఊరి బోర్డును చూసి, అది ఎవరిదో తెలియకుండానే దాటిపోతారు. ఈసారి అటు వెళ్లేవారు అక్కడ కాసేపు ఆగాలని నా కోరిక.