మోకాళ్ల నొప్పికి పసుపు, అందుగు బంక: ఎంత తింటే మందవుతుంది?

మోకాళ్ల నొప్పులకు పసుపు పాలు తాగమని అందరూ చెబుతారు. ఎంత పసుపు వేయాలో మాత్రం చెప్పరు. చెంచాడు పసుపులో, అంటే 3 గ్రాముల్లో, మందుగా పనిచేసే కర్క్యుమిన్ అనే పదార్థం 100 మిల్లీగ్రాములుంటే గొప్ప. థాయ్‌లాండ్‌లో మోకాళ్లు అరిగినవాళ్ల మీద చేసి 2014లో ప్రచురించిన అధ్యయనంలో రోజుకు 1500 మి.గ్రా. పసుపు సారం ఇచ్చారు. నాలుగు వారాల్లో రోజుకు 1200 మి.గ్రా. నొప్పి మాత్ర ఇబుప్రోఫెన్‌కు దీటుగా నొప్పి తగ్గింది, కడుపునొప్పి బాధా తక్కువే. పాలగ్లాసు ఆ మోతాదు దరిదాపులకు రాదు.

పైగా కర్క్యుమిన్ ఒంటికి పట్టదు. పైపరిన్ 20 మి.గ్రా., అంటే ఎనిమిదో పదో మిరియాల్లో ఉండేంత, కలిపితే రక్తంలోకి సుమారు 20 రెట్లు ఎక్కువ చేరుతుందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపించారు. చిక్కూ అక్కడే ఉంది. అలా ఎక్కువగా ఒంటబట్టేలా చేసిన మాత్రలతో కొందరికి కాలేయం దెబ్బతింది. ఇటలీలో, అమెరికాలో అలాంటి కేసులు నమోదయ్యాయి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగుకు తిరిగినా వెంటనే మాత్రలు ఆపి కాలేయ పరీక్ష చేయించుకోవాలి. పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్ర వాడేవాళ్లు వీటి జోలికి పోవద్దు. కూరలో వేసే పసుపుతో ఈ భయం లేదు.

నన్నడిగితే మోకాళ్ల అరుగుదలకు అందుగు చెట్టు నుంచి కారే బంకే నయం. శల్లకి పేరుతో మందుల షాపుల్లో దొరుకుతుంది. 2003లో వచ్చిన నాగపూర్ అధ్యయనంలో 30 మందికి 333 మి.గ్రా. చొప్పున రోజుకు మూడుసార్లు ఎనిమిది వారాలు ఇచ్చారు. నొప్పి, వాపు తగ్గాయి, నడక పెరిగింది. ఎక్స్‌రేలో మాత్రం మార్పు లేదు. అరిగిన గుజ్జు తిరిగి పెరుగుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. నెయ్యో నూనో ఉన్న భోజనంతో వేసుకుంటేనే బాగా పడుతుంది. ఇదీ బంకే కదా అని పొగ వేసే సాంబ్రాణిని మాత్రం తినకూడదు.

పొద్దున లేవగానే అరగంటకు మించి వేళ్లు బిగుసుకుపోతూ, రెండు చేతుల కణుపులూ వాస్తుంటే అది అరుగుదల కాదు, రుమటాయిడ్ అనే కీళ్లవాతం కావచ్చు. దానికి డాక్టర్ ఇచ్చే మెథోట్రెక్సేట్ మందు మానేసి మూలికల మీద ఆధారపడితే కీళ్లు వంకర్లు పోతాయి.

పేరూ చిరునామా లేని పొట్లాల పొడి వేసుకున్న రెండు రోజులకే నొప్పి మాయమైతే స్టెరాయిడ్ కలిపారేమోనని అనుమానించాలి. ముఖం ఉబ్బడం, షుగర్ పెరగడం దాని గుర్తులు. నెలల తరబడి వాడి ఉంటే ఒక్కసారిగా ఆపడం ప్రమాదం. ఆ పొట్లం చేతపట్టుకునే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.