పాత కారు ఈసీయూను పలికించడం: నా అనుభవం

నాన్నగారు 2005 చివర్లో కొన్న చిన్న పెట్రోలు కారు ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. ఏపీ 09 నంబరు. పదిహేనేళ్లు నిండాక ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ పొడిగించుకున్నాం. బాడీకి తుప్పు పట్టలేదు, గేర్లు మెత్తగా పడతాయి, స్టీరింగు ఇంకా బిగువుగానే ఉంది. ఇలాంటి బండిని తుక్కుకు ఇవ్వడానికి నాకు మనసొప్పదు. అయితే కొంతకాలంగా మైలేజీ బాగా పడిపోయింది. నగరంలో లీటరుకు పది కిలోమీటర్లు దాటడం లేదు. చలికాలం ఉదయాల్లో సైలెన్సర్ దగ్గర నిలబడితే పచ్చి పెట్రోలు వాసన వచ్చేది. చూపించిన ప్రతి షెడ్డులో ఒక్కో మాట చెప్పారు. ప్లగ్గులన్నారు, ఇంజెక్టర్లన్నారు, ఒకరైతే ఇంజినును నడిపే కంప్యూటర్, అంటే ఈసీయూనే మార్చేయమన్నారు. ఎవరూ ఏదీ కొలవలేదు. నాడి పట్టకుండానే మందు రాసినట్టుండేది వ్యవహారం.

ఇంజిను ఎంత వేడెక్కిందో, ఎంత గాలి పీలుస్తోందో ఈసీయూకు క్షణక్షణం తెలుస్తూనే ఉంటుంది. ఆ లెక్క ప్రకారమే అది పెట్రోలు పోస్తుంది. దాన్ని అడిగి తెలుసుకోకుండా మనుషుల ఊహలను నమ్మి వేలు ఖర్చు పెట్టడం నాకు సరికాదనిపించింది. రాస్ప్‌బెర్రీ పై 4 అనే అరచేతిలో పట్టే కంప్యూటర్, ఏడంగుళాల టచ్ స్క్రీను నా దగ్గర ఉన్నాయి. వాటిని కారులో బిగించి, ఇంజిను లెక్కలన్నీ డ్యాష్‌బోర్డు మీద కనిపించేలా చేయాలని పని మొదలుపెట్టాను.

ముందు తేల్చుకోవలసింది, అసలు ఈ కారు మాట్లాడుతుందా అని. కారు తన లోపాలను తానే కనిపెట్టి బయటి స్కానర్‌కు చెప్పే ఏర్పాటును ఓబీడీ అంటారు. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి ఓబీడీ 2 తప్పనిసరి. ఐరోపాలో పెట్రోలు కార్లకు 2001 నుంచి వచ్చింది. మన దేశంలో బీఎస్ 4 కాలుష్య నిబంధనలతో పాటు 2010 ఏప్రిల్ నుంచి ఓబీడీ మొదటి దశ, 2013 ఏప్రిల్ నుంచి రెండో దశ అమలయ్యాయి. 2005లో హైదరాబాదుకు బీఎస్ 3 వచ్చింది కానీ, అందరికీ అర్థమయ్యే భాషలో కారు జవాబివ్వాలన్న నియమం అప్పటికి లేదు. కాబట్టి ఆ కాలపు కారులో పదహారు పిన్నుల పోర్టు కనిపించినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. తయారీదారు సొంత స్కానర్‌కు తప్ప మరి దేనికీ పలకని బండ్లు కూడా ఉంటాయి.

స్టీరింగు కింద టార్చి వేసి చూశాను. పోర్టు ఉంది. పదహారు గదుల్లో లోహపు పిన్నులున్నవి కొన్నే. 4, 5 నంబర్లు ఎర్తింగువి, 16 బ్యాటరీ నుంచి వచ్చే పన్నెండు వోల్టులది, 7 కె లైను, అంటే పాత కార్లలో ఈసీయూ మాట్లాడే తీగ. కొత్త కార్లు వాడే క్యాన్ బస్సు అనే సమాచార తీగల జతకు 6, 14 పిన్నులు కావాలి. ఆ రెండు గదులూ ఖాళీ. ఈ తరహా పని చేయాలనుకునేవారు పోర్టును కంప్యూటర్‌కు కలిపే అడాప్టర్ కొనకముందే ఇలా వంగి పిన్నులు చూసుకోవడం మంచిది. ఏది కొనాలో, ఏది కొనకూడదో సగం అక్కడే తెలిసిపోతుంది.

అడాప్టర్ల విషయం కాస్త వివరంగా చెప్పాలి. బజారులో దొరికే చవక అడాప్టర్లన్నీ ఈఎల్ఎం 327 అనే చిప్పుకు నకళ్లే. కెనడాకు చెందిన ఈఎల్ఎం ఎలక్ట్రానిక్స్ తయారుచేసిన ఆ చిప్పు మొదటి వెర్షన్‌లో ప్రోగ్రామును కాపీ చేయకుండా తాళం వేయలేదు. అందరూ దాన్నే ఎత్తి రాసుకున్నారు. అసలు కంపెనీ 2022లో మూతపడింది. నకళ్ల మీద 1.5 అని ముద్రించి ఉంటుంది, అసలు కంపెనీ ఆ నంబరుతో చిప్పే తేలేదు. 2.1 అని రాసి ఉన్న బ్లూటూత్ రకాల్లో కొన్ని క్యాన్ కార్లతో మాత్రమే సరిగ్గా పనిచేస్తాయి, కె లైను దగ్గర చేతులెత్తేస్తాయి. కొత్త కారున్న మిత్రుడు బాగుందన్న అడాప్టర్ పాత కారుకు పనికిరాకపోవడానికి కారణం ఇదే. నేను కోఠీ గుజరాతీ గల్లీలో రెండు మూడు దుకాణాలు తిరిగి, యూఎస్‌బీ తీగతో వచ్చే రకం తీసుకున్నాను. పాత కారుకు తీగే నమ్మకం.

ఇగ్నిషన్ ఆన్ చేసి, రాస్ప్‌బెర్రీ పై నుంచి అడాప్టర్‌కు ఆదేశాలు పంపాను. ఏటీజడ్ అంటే తన పేరు, వెర్షన్ చెప్పింది. ప్రోటోకాల్ (ఈసీయూతో మాట్లాడే పద్ధతి) నువ్వే వెతుక్కో అని ఏటీఎస్పీ 0 ఇచ్చి, 01 00 అని, అంటే ఏయే లెక్కలు ఇవ్వగలవని ఈసీయూను అడిగాను. కాసేపు వెతికి, కనెక్ట్ కాలేకపోయానన్న సందేశం ఇచ్చింది. ఒక్కో ప్రోటోకాల్ విడిగా ప్రయత్నించినా ఫలితం లేదు. అడాప్టర్ మీద లైట్లు చక్కగా వెలుగుతున్నాయి. ఈ కారు మాట్లాడదని చాలామంది తీర్మానించుకునేది ఇక్కడే.

అప్పుడు ఏటీఆర్‌వీ అని కొట్టాను. కారు నుంచి తనకు ఎన్ని వోల్టులు అందుతున్నాయో అడాప్టర్ చెప్పే ఆదేశం అది. జవాబు 0.2 వోల్టులు. మల్టీమీటర్ నల్ల తీగ నాలుగో పిన్నుకు, ఎర్ర తీగ పదహారో పిన్నుకు ఆనిస్తే అదే సంగతి, కరెంటు లేదు. లైట్లు వెలుగుతున్నది యూఎస్‌బీ నుంచి వచ్చే ఐదు వోల్టులతో. కె లైను మాత్రం పన్నెండు వోల్టుల మీద నడుస్తుంది. అడాప్టర్ ఆ లైనును బ్యాటరీ వోల్టేజీ దాకా ఎత్తి పట్టుకుని, దాన్ని కిందికి లాగుతూ వదులుతూ మాట్లాడుతుంది. ఎత్తి పట్టుకోవడానికే వోల్టేజీ లేనప్పుడు ఏ ప్రోటోకాల్ ఎంచుకుంటే మాత్రం ఏం లాభం? ఫ్యూజుల పెట్టె తెరిచి చూస్తే, సిగరెట్ లైటర్ లైను మీదున్న పదిహేను ఆంపియర్ల నీలం ఫ్యూజు కాలిపోయి ఉంది. నా కారులో పోర్టుకు కూడా కరెంటు అక్కడి నుంచే వెళ్తుంది. ఎప్పుడో స్టీరియో బిగించినప్పుడు పోయి ఉంటుంది. కొత్త ఫ్యూజు వేశాక ఏటీఆర్‌వీ 12.3 చూపించింది.

మళ్లీ 01 00. ఈసారి వెంటనే ఏమీ రాలేదు. రెండు మూడు సెకన్లు గడిచాక, బస్సు (సమాచార లైను) సిద్ధమైందన్న సందేశం, దాని కింద 41 00 తో మొదలయ్యే అంకెల వరుస వచ్చాయి. నేను సీట్లోనే నిటారుగా కూర్చున్నాను. ఇరవై ఏళ్లుగా నడుస్తున్న ఈసీయూ మొదటిసారి నాతో మాట్లాడింది.

ఆ రెండు మూడు సెకన్ల ఆలస్యం వెనక ఉన్న పద్ధతి నాకు చాలా ఇష్టం. ఐఎస్ఓ 9141-2 ప్రోటోకాల్‌లో అడాప్టర్ ముందుగా 33 అనే చిరునామాను సెకనుకు ఐదు బిట్ల చొప్పున పంపాలి. మొదలు, చివర బిట్లతో కలిపి మొత్తం పది, అంటే పిలుపుకే రెండు సెకన్లు. ఆ పిలుపు విన్న ఈసీయూ వేగం సరిచూసుకోవడానికి 55 పంపుతుంది, వెనకే రెండు గుర్తు బైట్లు. వాటిలో రెండోదాన్ని అడాప్టర్ తలకిందులు చేసి, అంటే 0 ఉన్నచోట 1, 1 ఉన్నచోట 0 పెట్టి తిరిగి పంపాలి. అప్పుడు ఈసీయూ చిరునామాను తలకిందులు చేసి, సీసీ అని ఒప్పుకుంటుంది. ఆ తర్వాతే సెకనుకు 10,400 బిట్ల వేగంతో మాటలు సాగుతాయి. ఐదు సెకన్లు ఎవరూ పలకకపోతే సంభాషణ తెగిపోతుంది, మళ్లీ మొదటి నుంచి పిలవాలి. అడాప్టర్ మంచిదైతే మధ్యమధ్యలో తానే పలకరిస్తూ ఉంటుంది.

ఇంజిను స్టార్ట్ చేసి 01 0సీ అడిగితే 41 0సీ 0బీ బీ8 వచ్చింది. చివరి రెండు బైట్లు ఆర్‌పీఎం, అంటే ఇంజిను నిమిషానికి తిరిగే చుట్లు. ఈ అంకెలన్నీ పదహారు ఆధారంగా రాసే హెక్సాడెసిమల్ లెక్కలో ఉంటాయి. మామూలు లెక్కలో 0బీ అంటే 11, బీ8 అంటే 184. పదకొండును 256తో హెచ్చించి 184 కలిపితే 3000, దాన్ని నాలుగుతో భాగిస్తే 750. మీటరు ముల్లు కూడా అక్కడే ఉంది. ఇలా ఒక్కసారి చేత్తో లెక్క కట్టుకుంటే, ఆ తర్వాత తెరమీద కనిపించే ప్రతి అంకె మీద నమ్మకం కుదురుతుంది.

రాస్ప్‌బెర్రీ పైని కారులో అమర్చడం విసుగు పుట్టించిన పనే కానీ కష్టమైనది కాదు. పన్నెండు వోల్టులను ఐదుకు దించే కన్వర్టర్ మూడు ఆంపియర్లు నిలకడగా ఇవ్వాలి. సెల్ఫు కొట్టినప్పుడు బ్యాటరీ వోల్టేజీ పడిపోయి రాస్ప్‌బెర్రీ పై మళ్లీ బూట్ అవుతుంది కాబట్టి, ఇంజిను స్టార్ట్ అయ్యాకే వేసుకునేలా చిన్న స్విచ్ పెట్టాను. తాళం తీసేసినప్పుడు మెమరీ కార్డు పాడవకుండా, కార్డు మీద ఏమీ రాయనివ్వని ఓవర్లే ఫైల్ సిస్టమ్ ఆన్ చేశాను. నమోదైన లెక్కలు పెన్‌డ్రైవ్‌లోకి వెళ్తాయి. ఓబీడీ లెక్కలు చదివే పైథాన్-ఓబీడీ అనే ప్రోగ్రాము లైబ్రరీకి ప్రోటోకాల్ నంబరు 3 (ఐఎస్ఓ 9141-2) అని ముందే చెప్పేస్తే వెతుకులాట తప్పుతుంది. కె లైను మీద సెకనుకు నాలుగైదు ప్రశ్నలకు మించి సాగవు. అందుకని ఇరవై మీటర్లు తెరమీద పెట్టాలన్న ఆశ వదులుకుని నాలుగే ఉంచాను: ఆర్‌పీఎం, వేగం, కూలెంట్ వేడి, ఇంధన వ్యవస్థ స్థితి.

ఈ నాలుగోది చాలామంది పట్టించుకోరు. నా సమస్యకు జవాబు దొరికింది అక్కడే. 01 03 అడిగితే వచ్చే జవాబులో 01 ఉంటే, ఇంజిను ఇంకా తగినంత వేడెక్కలేదు, పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచే ఆక్సిజన్ సెన్సర్ మాట వినకుండా ముందే రాసి ఉన్న లెక్క ప్రకారం పెట్రోలు పోస్తున్నానని అర్థం. 02 ఉంటే సెన్సర్ చెప్పినదాన్ని బట్టి సరిదిద్దుకుంటున్నానని.

డిసెంబరులో ఒక ఉదయం మెహదీపట్నం దగ్గర పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కాను. పదకొండు కిలోమీటర్లకు పైగా సిగ్నల్ లేని దారి, పరీక్షకు ఇంతకంటే అనువైనది నగరంలో మరొకటి లేదు. ఎక్కేముందు ట్రాఫిక్‌లో నిలబడినప్పుడు కూలెంట్ 76 డిగ్రీలుంది, స్థితి 02. పైకెక్కి అరవై వేగం అందుకున్నాక వేడి దిగడం మొదలైంది. 71, 66, 62. అత్తాపూర్ దాటాక కూలెంట్ వేడికి ఈసీయూ నుంచి 41 05 62 అని వచ్చింది. ఇక్కడి 62 హెక్సాడెసిమల్, అంటే దశాంశంలో 98, అందులోంచి నలభై తీసేస్తే 58 డిగ్రీలు. స్థితి 01కి పడిపోయింది. ఆరాంఘర్ దాకా కారు చల్లని ఇంజినుకు పోసే పెట్రోలే తాగుతూ వెళ్లింది.

వేగంగా వెళ్లేటప్పుడు ఇంజిను చల్లబడకూడదు. ఇంజినుకూ రేడియేటర్‌కూ మధ్య థర్మోస్టాట్ వాల్వు ఉంటుంది. వేడి 82 డిగ్రీల దాకా చేరేవరకు అది మూసుకుని ఉండి, కూలెంటును రేడియేటర్‌లోకి పోనివ్వదు. నా లెక్కలను బట్టి ఆ వాల్వు తెరుచుకుని బిగుసుకుపోయి ఉండాలి, లేదా అసలు ఉండి ఉండకూడదు.

రాణిగంజ్‌లో విడిభాగాల దుకాణాల వెనక పనిచేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. గ్రాఫు చూపించి, "వాల్వు ఉందో లేదో ఒకసారి విప్పి చూస్తారా ఉస్తాద్?" అని అడిగాను. ఆయన తెర వంక కాసేపు చూసి, "విప్పక్కర్లేదు సార్, లేదు. మన ఎండలకని ఎవరో తీసేసి ఉంటారు" అన్నారు. అయినా విప్పించాను. మూత లోపల వాల్వు కూర్చోవలసిన చోట బోసి గాడి మాత్రమే ఉంది. పైగా రేడియేటర్ ఫ్యాన్‌ను కూడా తాళం తిప్పగానే తిరిగేలా డైరెక్టు చేసి ఉంచారు.

ఈ అలవాటు మన నగరంలో చాలా షెడ్లలో ఉంది, దీని మీద నాకు కోపం కూడా ఉంది. బయట 42 డిగ్రీల ఎండ ఉన్నా ఇంజిను సరిగ్గా నడవడానికి కావలసింది 85, 90 డిగ్రీలు. కారు పొంగిందంటే రేడియేటర్ పూడుకుపోయిందో, ఫ్యాన్ ఆగిందో, నీళ్లు కారుతున్నాయో చూడాలి. అవి వదిలేసి వాల్వు పీకేస్తే ఆ రోజుకు కస్టమరు సంతోషంగా వెళ్లిపోతాడు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఇంజిను ఎక్కువ పెట్రోలు తాగుతుంది, కాలని పెట్రోలు సిలిండరు గోడల మీది ఆయిలును కడిగేస్తుంది. ఏ హెచ్చరిక దీపమూ వెలగదు కాబట్టి కారణం ఎవరికీ తెలియదు. నా కారు కూడా ఒక్క ఫాల్ట్ కోడ్ ఇవ్వలేదు. కోడ్లు మాత్రమే చదివి తుడిచేసే చిన్న స్కానర్‌తో ఇది ఎప్పటికీ దొరికేది కాదు. కారు నడుస్తుండగా లెక్కలు చూడాలి.

ఉస్తాద్ కొత్త వాల్వు, గాస్కెట్ వేసి, రేడియేటర్ విప్పి శుభ్రం చేయించి, ఫ్యాన్‌ను మళ్లీ స్విచ్ మీదికి మార్చారు. వాల్వు అంచు మీద 82 అని చెక్కి ఉంది. మళ్లీ అదే ఎక్స్‌ప్రెస్‌వే మీద కూలెంట్ 83, 86 మధ్య నిలబడింది, స్థితి దారంతా 02. టోలిచౌకి జామ్‌లో ఏసీ వేసుకుని నిలబడితే 95 దగ్గర ఫ్యాన్ తిరిగి, 90కి దించి ఆగింది. మైలేజీ ఇప్పుడు పదమూడు దగ్గర ఉంది.

ఇంకొకటి మిగిలింది. స్థితి 02లో ఉన్నప్పుడు ఆక్సిజన్ సెన్సర్ వోల్టేజీ 0.1కీ 0.9కీ మధ్య చకచకా ఊగుతూ ఉండాలి. నాది బద్ధకంగా ఊగుతున్నట్టు కనిపిస్తోంది. అది సెన్సర్ వయసా, కె లైను మెల్లగా చదవడం వల్ల అలా కనిపిస్తోందా అన్నది ఈ తెర తేల్చలేదు. వోల్టేజీ ఊగడాన్ని గీసి చూపే ఓసిల్లోస్కోప్ ఉన్న మిత్రుణ్ని అడిగాను. నేరుగా సెన్సర్ తీగ మీద కొలిచాకే కొత్తది కొంటాను.