పదహారు స్ప్రింగులు, ఒక తూకం మిషను

ఆదివారం, అంబత్తూరు.

ఉదయం ఆరున్నరకు, ఇంట్లో మేము బరువు చూసుకునే మిషన్‌ను సంచిలో పెట్టుకుంటుంటే, "దాన్ని కూడా షెడ్డుకే తీసుకుపోతున్నారా?" అని మా ఆవిడ అడిగింది. వాల్వ్ స్ప్రింగులు తూచాలని చెప్పాను. నూనె అంటకుండా తిరిగి తెమ్మని మాత్రం అంది.

నా మారుతి ఎస్టీమ్ కారు 2002 నాటిది. 1298 సీసీ ఇంజను, గాలిని లోపలికి తీసుకొని పొగను బయటికి వదిలే పదహారు వాల్వులు, సిలిండర్ల పైమూత అయిన హెడ్డు మీద ఆ వాల్వులను తెరిచే ఇరుసు, అంటే కామ్‌షాఫ్టు, ఒక్కటే. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ఒప్పుకోదు కాబట్టి, దాన్ని రోడ్డు మీద తిప్పడం మానేసి, శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్‌కు లారీ మీద ఎక్కించి తీసుకువెళ్తున్నాను. వాల్వును ఎక్కువ ఎత్తుకు లేపి, ఎక్కువ సేపు తెరిచి ఉంచే కొత్త కామ్‌షాఫ్టును తెప్పించి రెండు నెలలైంది. స్ప్రింగులు మొన్ననే వచ్చాయి.

కొత్త స్ప్రింగులు లేకుండా కొత్త కామ్ ఒక్కటే వేసెయ్యమని సలహా ఇచ్చిన మిత్రులు లేకపోలేదు. పిస్టన్లు తిప్పే ఇరుసు, అంటే క్రాంకు, రెండు చుట్లు తిరిగితే కామ్ ఒక చుట్టు తిరుగుతుంది. అంటే ఇంజను నిమిషానికి 6500 చుట్ల వేగంలో ఉన్నప్పుడు ప్రతి వాల్వూ సెకనుకు 54 సార్లు తెరుచుకొని మూసుకోవాలి. తెరవడం కామ్ పని, మూయడం స్ప్రింగు పని. స్ప్రింగు వెనకబడితే, కామ్ కదలికను వాల్వుకు అందించే మీట, అంటే రాకర్, కామ్ మీద ఆనకుండా గాలిలో తేలుతుంది, వాల్వు ఆలస్యంగా కూర్చుంటుంది, ఒక్కోసారి పిస్టన్‌కు ఎదురుపడుతుంది. ఆ ఖర్చు ముందు స్ప్రింగుల ధర ఏపాటిది?

పాడిలో షెడ్డు నడిపే మా మేస్త్రి గారిది సూళ్లూరుపేట. "కొత్తవే కదా అబ్బాయా, తూచేదేముంది?" అంటూనే డ్రిల్లింగ్ మిషన్ బల్ల మీద జాగా చేసి ఇచ్చారు. బల్ల మీద తూకం మిషను, దాని మీద ఇనప పలక, పలక మీద స్ప్రింగు. పైనుంచి చక్‌లో బిగించిన మొండి కడ్డీని దించుతూ, స్ప్రింగు ఎత్తు, వాల్వు మూసి ఉన్నప్పుడు హెడ్డులో ఉండేటంత, అంటే 36 మిల్లీమీటర్లకు వచ్చేసరికి ఆగేలా స్టాపర్‌ను వెర్నియర్‌తో సరిచూసి పెట్టుకున్నాము. ఆ ఎత్తులో 30 కిలోలు ఉండాలని స్ప్రింగులతో వచ్చిన కార్డులో రాసి ఉంది. పదిహేను స్ప్రింగులు 29కీ 31కీ మధ్య నిలిచాయి. పదకొండోది మాత్రం 27 దగ్గరే ఆగిపోయింది. మేస్త్రి గారు నమ్మలేదు. చెప్పులు విడిచి తానే మిషన్ ఎక్కి, 71 చూసి, "నా బరువు సరిగ్గానే చెబుతోందే" అని దిగారు. మళ్లీ తూచినా అదే 27.

తిప్పి పంపితే ఇంకో నెల పోతుంది. స్ప్రింగు మిల్లీమీటరు నొక్కితే సుమారు 3 కిలోలు పెరుగుతున్నట్టు కొలిచి తెలుసుకున్నాము కాబట్టి, దాని కింద ఒక మిల్లీమీటరు వాషరు వేస్తే లోటు తీరుతుంది. అయితే వాల్వు 9.5 మిల్లీమీటర్లు లేచినప్పుడు ఆ స్ప్రింగు 25.5కు కుదించుకుపోతుంది, చుట్లన్నీ ఒకదానికొకటి తగిలే ఎత్తు 24. మిగిలేది ఒకటిన్నర. అంతకంటే తక్కువైతే నేను ఒప్పుకునేవాడిని కాదు. దాన్ని మూడో సిలిండరులో వేసి, నోటు పుస్తకంలో గుర్తు పెట్టుకున్నాను.

హెడ్డు దించకుండానే పని జరిగింది. ప్లగ్గు రంధ్రంలోంచి నైలాన్ తాడును, చివర బయట ఉంచి, సిలిండరులోకి దూర్చి, పిస్టన్‌ను మెల్లగా పైకి తెస్తే, ఆ తాడు ముద్ద వాల్వులను కింద పడకుండా పట్టుకుంటుంది. ముందుగా ఒకటో సిలిండరుకు మెత్తటి స్ప్రింగులు వేసి, కామ్ ఎక్కించి, బెల్టు బిగించి, తాడు తీసి, కదలికను కొలిచే డయల్ గేజ్ పెట్టి, పిస్టన్‌కు తగిలేదాకా వాల్వును చేత్తో నొక్కి చూశాము. పిస్టన్ పైకొచ్చే ముందు పది డిగ్రీల దగ్గర ఎగ్జాస్టు వాల్వుకు 2.9, దాటాక పది డిగ్రీల దగ్గర ఇన్‌టేక్ వాల్వుకు 2.4 మిల్లీమీటర్ల జాగా ఉంది. అప్పటికి గాని నా ఊపిరి కుదుటపడలేదు. ఇదంతా విప్పి మళ్లీ బిగించడానికి మధ్యాహ్నం భోజనం కూడా మానుకోవలసి వచ్చింది.

స్ప్రింగును వాల్వు కాడకు పట్టి ఉంచే చిన్న తాళాలను, అంటే కాటర్లను, గ్రీజు పూసిన స్క్రూడ్రైవర్ మొనతో అమర్చుతుంటే ఒకటి ఎగిరిపోయింది. బియ్యపు గింజకంటే కాస్త పెద్దది. హెడ్డులోని నూనె రంధ్రాలన్నిటికీ మేస్త్రి గారు పొద్దున్నే గుడ్డ పీలికలు కుక్కి ఉండకపోతే, అది ఎక్కడ పడిందో తెలియక ఇంజను అడుగునున్న నూనె తొట్టి, అంటే సంపు, విప్పవలసి వచ్చేది. ఇరవై నిమిషాల తర్వాత అయస్కాంతానికి అంటుకొని బల్ల కింద దొరికింది.

సాయంత్రం ఆరింటికి స్టార్టు చేశాము. కొత్త కామ్, రాకర్ ఒకదానికొకటి అలవాటు పడేందుకు ఇరవై నిమిషాలు 2000 చుట్లకు తగ్గకుండా నడిపి, ఆ తర్వాతే వదిలాము. ఇదివరకు 800 దగ్గర నిలకడగా ఉండే ఇంజను ఇప్పుడు 1100 దగ్గర కూడా కాస్త ఎగుడుదిగుడుగా ఊగుతోంది. రెండు వాల్వులూ కలిసి తెరిచి ఉండే కాలం పెరిగింది కదా. ఇంజనుకు గాలి వెళ్లే మానిఫోల్డులో, బ్రేకుకు సాయపడే వాక్యూమ్ తగ్గడంతో బ్రేకు పెడల్ కూడా గట్టిగా తగులుతోంది. ట్రాక్‌లో మొదటి మలుపుకు ముందు ఇది గుర్తుండాలి.

రేపు ఉదయం ఇంజను చల్లగా ఉన్నప్పుడు టాపెట్లు, అంటే రాకర్‌కూ వాల్వుకూ మధ్య సందులు, మరోసారి ఫీలర్ గేజ్‌తో చూడాలి, మూడో సిలిండరు నుంచే మొదలుపెట్టాలి. తూకం మిషను మీద నూనె మరక పడనే పడింది. కిరసనాయిలుతో తుడిస్తే మరక పోయింది గాని, వాసన పోలేదు.