ఆరు పడిన పాచికలు

ఆదివారం, రాత్రి తొమ్మిదిన్నర.

ఈ రోజు చేసిన పని చెప్పుకోవడానికి చిన్నదే: ఒక ఆటలోని ఆయుధాల నియమాలను అట్టముక్కల మీద తెలుగులో రాశాను. రాస్తూ ఉండగా, మూడు వారాలుగా నేను మా అక్క కొడుకుకు అన్యాయం చేస్తూ వచ్చానని తెలిసింది. అందుకే పడుకునే ముందు జరిగినది జరిగినట్టు రాసి పెట్టుకుంటున్నాను.

ఆట పేరు వార్‌హామర్ 40,000. ఇంగ్లాండులోని నాటింగ్‌హామ్‌కు చెందిన గేమ్స్ వర్క్‌షాప్ సంస్థ 1987లో దీనిని మొదటిసారి వెలువరించింది. మేము ఆడేది 2023లో వచ్చిన పదవ కూర్పు. 41వ సహస్రాబ్దిలో నక్షత్రాల మధ్య జరిగే యుద్ధాన్ని బల్ల మీద బొమ్మ సైనికులతో, పాచికలతో, అంగుళాల టేపుతో ఆడతారు. అక్క కొడుకైన మా చిన్నవాడి దగ్గర స్పేస్ మెరీన్లు అనే పక్షంలో ఇంటర్‌సెసర్లు అనే దళానికి చెందిన ఐదు బొమ్మలు ఉన్నాయి. అవి వాళ్ళ నాన్న కొనిపెట్టినవి, రంగులు మాత్రం వాడే వేశాడు. నా పక్షం నెక్రాన్లు, అంటే లోహపు శరీరాలలోకి మారి ఆరు కోట్ల ఏళ్ళు నిద్రపోయి లేచిన ప్రాచీన జాతి. నాకు బొమ్మలు లేవు. కూల్‌డ్రింక్ గాజుసీసాల ఇనుప మూతలు పదింటిని కడిగి, ఒక్కొక్క దాని మీద అంకె రాసిన కాగితం అతికించాను. స్కేలు పెట్టి చూస్తే మూత అడ్డుకొలత 32 మిల్లీమీటర్లు వచ్చింది; బొమ్మ నిలబడే పీఠం కొలతా అంతే కావడంతో దూరాల లెక్కకు ఇబ్బంది రాలేదు. టేపు అమ్మ కుట్టుమిషను సొరుగులోది. పాచికలు ఇరవై, గుంటూరు పట్నంబజారులో కొన్నవి.

వాడు విజయవాడ నుంచి బస్సులో వచ్చి బ్రాడీపేటలోని మా ఇంటికి చేరేసరికి ఎనిమిదిన్నర అయింది. ఉప్మా తింటూనే బల్ల సర్దమన్నాడు. అమ్మ మాత్రం ఈసారి తాను కూడా కూర్చుని చూస్తానని, మేము ఏ పాచిక ఎందుకు వేస్తున్నామో తనకు తెలిసేటట్టు తెలుగులో రాసి ఇస్తే తప్ప బల్ల ఇవ్వనని పట్టుబట్టింది. చిన్నప్పుడు మా ఊళ్ళో రాతి అరుగు మీద గీసిన పులి-మేకలో ఆమెను ఓడించినవారు లేరు. మూడు పులులకు ఒక నియమం, పదిహేను మేకలకు వేరొక నియమం ఉన్న ఆటను అంత బాగా ఆడిన మనిషికి, ఒక్కొక్క దళానికి ఒక్కొక్క నియమం ఉండటం గురించి నేను కొత్తగా నచ్చజెప్పవలసిన పని లేకపోయింది. "పులికి దూకే హక్కు, మేకకు కమ్ముకునే హక్కు. మీ వాళ్ళకు ఏముందో అది చెప్పు చాలు" అంది.

అక్కడి నుంచి అట్టముక్కలు మొదలయ్యాయి. దళం అట్ట మీద ఆరు అంకెలు వచ్చాయి: ఎన్ని అంగుళాలు నడుస్తుంది, ఒళ్ళు ఎంత గట్టిది, కవచం ఎంతకు ఆపుతుంది, ఎన్ని గాయాలకు పడిపోతుంది, ధైర్యం ఎంత, ఒక స్థలాన్ని పట్టి ఉంచే బలం ఎంత. ఇంటర్‌సెసర్‌కు నడక 6, గట్టితనం 4, కవచం 3+ (పాచిక మీద 3 గాని అంతకన్నా ఎక్కువ గాని పడితే దెబ్బ ఆగుతుంది), గాయాలు 2. నా మూతలు చూపే నెక్రాన్ వారియర్‌కు నడక 5, గట్టితనం 4, కవచం 4+, గాయం ఒక్కటే. ఇవి రాయడం సులువు. చిక్కంతా ఆయుధం పేరు పక్కన చదరపు కుండలీకరణాలలో ఉండే ఆ ఒకటి రెండు మాటలలో ఉంది.

కాల్చేటప్పుడు ముందు గురి పాచిక, అది తగిలితే గాయం పాచిక, ఆ తరువాత ఎదుటివారు కవచం పాచిక వేస్తారు. నా వారియర్ల తుపాకి గాస్ ఫ్లేయర్. 24 అంగుళాల దూరం, ఒక్క గుండు, 4 గాని అంతకన్నా ఎక్కువ గాని పడితే గురి తగులుతుంది, బలం 4, కవచాన్ని చీల్చే శక్తి సున్న, నష్టం 1. దాని పక్కన రెండు మాటలు: రాపిడ్ ఫైర్ 1, లీథల్ హిట్స్. మొదటిదానికి "సగం దూరం లోపల ఉంటే ఇంకొక గుండు" అని రాశాను. రెండవదానికి, ఆలోచించకుండా, "ప్రాణాంతకమైన దెబ్బ: గురి పాచిక మీద 6 పడితే ప్రాణం పోతుంది" అని రాశాను. మూడు వారాలుగా ఆడుతున్నది కూడా అలాగే. గురి పాచికలలో 6 పడినవన్నీ పక్కకు తీసి, వాడి బొమ్మకు కవచం పాచిక వేసే అవకాశం ఇవ్వకుండానే గాయాలు లెక్కపెట్టేదాన్ని.

అమ్మ ఆ అట్ట చదివి ఒకే ప్రశ్న అడిగింది. "ప్రాణం పోతుందని రాశావు, మరి వాడి బొమ్మకు రెండు గాయాలు ఉన్నాయి కదా. ఒక దెబ్బకు ఒక గాయమే పోతోంది. ఇంతకూ దెబ్బ తగిలితే చస్తాడా, గాయపడతాడా?"

జవాబు చెప్పబోయి ఆగి, ఫోనులో నియమాల పుస్తకం తెరిచాను. అక్కడ ఉన్నది ఒకే ఒక్క వాక్యం. గురిలో క్రిటికల్ హిట్ పడితే, అంటే ఏమీ కలపకుండా, తీసివేయకుండా పాచిక మీద 6 కనిపిస్తే, ఆ దెబ్బ దానంతట అదే గాయం చేస్తుంది. అంతవరకే. గాయం పాచిక వేయనక్కరలేదని దాని అర్థం. కవచం పాచిక వేయకూడదని ఎక్కడా లేదు. కవచం ఆపలేని గాయం అనేది వేరే సామర్థ్యం, దాని పేరు డివాస్టేటింగ్ వూండ్స్, దానికి గాయం పాచిక మీద క్రిటికల్ పడాలి. నా తుపాకికి ఆ మాట లేనే లేదు. లీథల్ అన్న పేరు వినగానే మనసులో మెదిలిన భయంకరమైన అర్థాన్నే నియమం అనుకుని, పాఠాన్ని సరిగా చదవకుండా ఇన్నాళ్ళూ ఆడాను.

నేను కళాశాలలో గణాంకశాస్త్రం చెబుతాను కాబట్టి, తప్పు ఎంతటిదో కాగితం మీద వేసి చూసుకోకుండా ఉండలేకపోయాను. పది మంది వారియర్లు 12 అంగుళాల లోపల నిలిస్తే 20 పాచికలు. సగటున 3.33 ఆరులు, 6.67 మామూలు దెబ్బలు వస్తాయి. బలం, గట్టితనం రెండూ 4 కాబట్టి మామూలు దెబ్బలలో సగం, అంటే 3.33 గాయాలవుతాయి. మొత్తం 6.67. ఇంటర్‌సెసర్ కవచం మూడింట రెండు వంతులు ఆపుతుంది కనుక మిగిలే నష్టం 2.22, అంటే దాదాపు ఒక్క సైనికుడు. నేను ఆడిన పద్ధతిలో ఆరులన్నీ నేరుగా లోపలికి వెళ్ళాయి కాబట్టి నష్టం 3.33కు 1.11 కలిసి 4.44. సరిగ్గా రెట్టింపు. ప్రతి తడవా వాడి ఐదుగురిలో ఒక్కరు పడవలసిన చోట ఇద్దరు పడిపోయారు. వాడు ఏ వారమూ ఎదురు చెప్పలేదు. పిన్ని లెక్కల మాస్టారు కాబట్టి సరిగానే చదివి ఉంటుందని అనుకున్నాడు. నాకు బాగా గుచ్చుకున్నది అదే.

వెంటనే చెప్పేశాను. వాడు కాసేపు పాచికలు చేతిలో తిప్పుతూ, "అయితే పిన్నీ, మూడు ఆటలూ నేను గెలిచినట్టా?" అని అడిగాడు. "అలా చెప్పలేం నాన్నా. నువ్వు వేయని కవచం పాచికల మీద ఏం పడేదో ఎవరికీ తెలియదు. నేను గెలిచినట్టు మాత్రం కాదు" అన్నాను. నోటుపుస్తకంలో మూడు వారాల ఫలితాలనూ వాడి చేతనే కొట్టివేయించాను.

ఆ తరువాత మిగతా అట్టలు రాసే తీరు మారిపోయింది. ఒక దాడి అంటే వరుసగా నాలుగు మెట్లు: గురి, గాయం, కవచం, నష్టం. ప్రతి ఆయుధ సామర్థ్యమూ ఈ మెట్లలో ఎక్కడ పని చేస్తుందో ముందుగా రాసి, ఆ తరువాతే దానికి తెలుగు పేరు పెట్టాలని నిశ్చయించుకున్నాను. అలా చూస్తే ట్విన్ లింక్‌డ్ అన్నది రెండు గొట్టాల తుపాకి అన్న వర్ణన కాదు, గాయం పాచిక తప్పితే ఇంకొకసారి వేసుకోవచ్చునన్న అనుమతి. సస్టెయిన్డ్ హిట్స్ 1 అంటే గురిలో క్రిటికల్ పడినప్పుడు వెంట ఇంకొక దెబ్బ పుడుతుంది. హెవీ అంటే ఆ వంతులో కదలకుండా నిలిచి కాలిస్తే గురికి ఒకటి కలుస్తుంది. బ్లాస్ట్ మాత్రం మెట్ల కన్నా ముందే, ఎదుటి దళంలోని ప్రతి ఐదుగురికీ ఒక పాచిక చొప్పున కలుపుతుంది. మెల్టా నాలుగో మెట్టుది; సగం దూరంలో నష్టాన్ని పెంచుతుంది.

మెట్లు ఇలా కనిపించాక, ఒకే ఆయుధం మీద ఉన్న రెండు మంచి సామర్థ్యాలు ఒకదానికొకటి అడ్డు రావడం కూడా అర్థమయింది. మంటలు చిమ్మే ఆయుధాలకు ఉండే టొరెంట్ వల్ల గురి పాచిక వేయకుండానే దెబ్బ తగులుతుంది. పాచికే లేనప్పుడు 6 లేదు, 6 లేనప్పుడు దాని మీద ఆధారపడిన సామర్థ్యాలేవీ మేలుకోవు. అలాగే లీథల్ హిట్స్ వల్ల గాయం మెట్టును దాటేసిన దెబ్బకు డివాస్టేటింగ్ వూండ్స్ అందదు, ఎందుకంటే అది ఆ మెట్టు మీద పడే క్రిటికల్ కోసం కాచుకుని ఉంటుంది. చిన్నవాడు దీనిని నాకన్నా త్వరగా పట్టుకున్నాడు: "టోల్‌గేటు దాటకుండా పోయినవాడికి టోల్ రసీదు రాదు కదా పిన్నీ!" ఆ మాటను అట్ట వెనుక రాసి పెట్టాను.

లీథల్ హిట్స్ బలహీనమైనదని మాత్రం నేను అనడం లేదు. దాని అసలు విలువ మెత్తని లక్ష్యం మీద కాదు, గట్టి లక్ష్యం మీద తెలుస్తుంది. ల్యాండ్ రైడర్ అనే భారీ వాహనానికి గట్టితనం 12, కవచం 2+. బలం అందులో సగానికి మించని ఆయుధమైతే 6 పడితేనే గాయం. అదే ఇరవై పాచికలతో, ఈ సామర్థ్యం లేకపోతే 1.67 గాయాలు, ఉంటే 4.44. ఇంటర్‌సెసర్ల మీద ఇది గాయాలను 1.33 రెట్లు చేస్తే, ల్యాండ్ రైడర్ మీద 2.67 రెట్లు చేస్తుంది. ఆ తుపాకి కిరణం దేనినైనా పొర పొరగా ఒలుస్తుందని నెక్రాన్ల కథలో చెప్పే మాటను ఈ ఒక్క నియమం అంకెలలో చెబుతోంది. ఆట రాసినవారి మీద నాకు గౌరవం కలిగేది ఇటువంటి చోటనే. ఆయుధ స్వభావాన్ని కథలో వర్ణించి వదిలేయక పాచికలోకి దించారు.

పేర్ల దగ్గర మాకు కొంత వాదన జరిగింది. లీథల్ హిట్స్‌కు నేను "తప్పని గాయం" అనీ, డివాస్టేటింగ్ వూండ్స్‌కు "కవచం ఆపని గాయం" అనీ రాశాను. వాడికి నచ్చలేదు. యుద్ధంలో ఆయుధం పేరు వింటే ఒళ్ళు జలదరించాలనీ, ఇవి మందుల చీటీ మీద మాటల్లా ఉన్నాయనీ అన్నాడు. వాడి మాటలో నిజం ఉంది. చివరకు పెద్ద అక్షరాలతో అసలు పేరు, దాని కింద నా తెలుగు మాట, మూలన ఏ మెట్టో తెలిపే అంకె రాశాము. అమ్మ చూసేది ఆ అంకెనే.

సాయంత్రం నాలుగింటికి అమ్మ ఎదుట కొత్త అట్టలతో ఆడాము. వాడి దళానికి ఒక ప్రత్యేక నియమం ఉంది: ఒకే శత్రు దళం మీద కాలుస్తామని ఒప్పుకుంటే ఒక్కొక్క బోల్ట్ రైఫిల్‌కు మామూలుగా ఉండే రెండు గుండ్లకు ఇంకో రెండు కలుస్తాయి. ఐదుగురూ కలిసి 20 పాచికలు వేసి నా నాలుగు మూతలను తీసేశారు. నా దళానికి కూడా ఒక నియమం ఉంది: నా వంతు మొదట్లో వచ్చే కమాండ్ దశ చివర, దళంలో ఒక్కరైనా మిగిలి ఉంటే, పడినవారిలో కొందరు తిరిగి లేస్తారు. పాచిక మీద 4 పడింది. ఒకటి నుంచి మూడు వరకు లెక్కించే పద్ధతిలో అది 2. రెండు మూతలు బల్ల మీదికి తిరిగి వచ్చాయి. "చచ్చినవాళ్ళు లేచారు, ఇది ఏ మెట్టు?" అని అమ్మ అడిగింది. మెట్టు కాదనీ, అది దళం స్వభావమనీ వాడే వివరించాడు. దళాన్ని పూర్తిగా తుడిచేస్తే తప్ప ఇది ఆగదని, అందుకే తన తుపాకులన్నిటినీ ఒకే చోటికి తిప్పానని కూడా చెప్పాడు.

మా మధ్య 16 అంగుళాల దూరం. అమ్మ టేపు పట్టుకుంది. ఐదు అంగుళాలు నడిచి 11కు చేరాను. ఎనిమిది మంది, రెండేసి గుండ్లు, పదహారు పాచికలు వేశాను. అందులో నాలుగు ఆరులు పడ్డాయి. అలవాటుగా వాటిని నా వైపుకు లాక్కోబోయిన చేతిని ఆపుకుని, ఆ నాలుగు పాచికలనూ తీసి వాడి అరచేతిలో పోశాను.

"కవచం వేసుకో నాన్నా, 3 పడితే చాలు" అన్నాను.