అంచు పడింది, చీర పడలేదు

పెళ్లి ఫోటోలు రీలు మీద తీసిన పదహారేళ్లలో నన్ను భయపెట్టింది ముహూర్తం కాదు, మర్నాటి విజయవాడ బస్సు. తెనాలిలో మా స్టూడియోకు సొంత కలర్ ల్యాబ్ లేదు. పెళ్లికి 5 రీళ్లు, రీలుకు 36 ఫోటోలు, జాగ్రత్తగా ఎక్కిస్తే 37. వాటిని సంచిలో వేసుకుని వెళ్లి ల్యాబ్‌లో ఇచ్చి, కడిగి ప్రింట్లు వేసేదాకా ఆ వీధిలోనే టీలు తాగుతూ తిరిగేవాణ్ని. జీలకర్ర బెల్లం పడిందో లేదో అప్పుడు గానీ తెలిసేది కాదు.

1999లో నికాన్ డి1 అనే డిజిటల్ కెమెరా వచ్చిందని చదివినప్పుడు నవ్వుకున్నాను. 27 లక్షల పిక్సెళ్లకు దాదాపు 5,000 డాలర్లు! ఆ డబ్బుతో ఎన్ని రీళ్లు కొనవచ్చో లెక్క వేసి, కాగితం మీద గెలిచి ఊరుకున్నాను. 2004లో డి70 వచ్చాక ఆ నవ్వు తగ్గింది. 60 లక్షల పిక్సెళ్లు, ధర డి1లో ఐదో వంతు. మరుసటి ఏడాది అప్పు చేసి కొన్నాను.

లెన్సుల ఖర్చు ఉండదని ధైర్యంగా ఉన్నాను. నా పాత రీలు కెమెరా నికాన్ ఎఫ్‌ఎం2కు వాడిన 50 ఎంఎం లెన్స్ తెచ్చి తగిలిస్తే చక్కగా కూర్చుంది, కానీ మీటరు పలకలేదు. లోపల చిప్పు లేని లెన్స్‌తో ఆ కెమెరా వెలుతురు కొలవదు. పైగా ఎదుటి మనిషి మీదికి వచ్చేసినట్టు కనిపించాడు. రీలు బదులు వెలుతురును పట్టే సెన్సార్, రీలు గడి కంటే చిన్నది కాబట్టి 50 లెన్స్ 75 లాగా చూస్తుందట. పెళ్లి పందిట్లో వెనక్కి జరగడానికి చోటెక్కడిది? వెనక సన్నాయి వాళ్లుంటారు. చివరికి 18-70 జూమ్ కూడా అప్పు ఖాతాలోకే వెళ్లింది.

మొదటి పెళ్లి తెల్లవారుజామున 3 గంటల 40 నిమిషాల ముహూర్తం. మెడలో డి70, సంచిలో నమ్మకం కోసం ఎఫ్‌ఎం2. కార్డు 512 ఎంబీ, ఫోటోలు 150 దాకా పడతాయి. జీలకర్ర బెల్లం అయ్యాక వధూవరులు మధుపర్కాలు కట్టుకుని వచ్చారు. తెల్లటి నేత బట్ట, ఎర్రటి అంచు. సన్‌గన్ లైటు పట్టుకున్న వీడియో కుర్రాడు వాళ్ల మీదికి వంగి ఉన్నాడు. నేను చకచకా తీస్తూ, ఒక్కో ఫోటో తీయగానే వెనక తెర చూసుకుంటూ మురిసిపోతున్నాను. అది 1.8 అంగుళాల తెర. అందులో అన్నీ బాగానే ఉంటాయి! అలవాటు కొద్దీ మధ్యలో సంచిలోంచి ఎఫ్‌ఎం2 తీసి తొమ్మిది ఫోటోలు కొట్టాను.

కంప్యూటర్‌లో తెరిచి చూసేసరికి గుండె జారింది. వరుడి పంచె, వధువు చీర సున్నం కొట్టిన గోడలా ఉన్నాయి. మడత లేదు, నేత లేదు. ఫోటోషాప్‌లో ఎంత తగ్గించినా తెలుపు బూడిద రంగుకు మారింది తప్ప మడతలు రాలేదు. పిల్ల తల్లి గారు వచ్చి చాలాసేపు చూసి, "అంచు పడింది గానీ చీర పడలేదేం బాబూ?" అన్నారు. ఆవిడ మాట కంటే సరైన నిర్ధారణ నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

తప్పు నా చేతి అలవాటుది. నెగటివ్‌కు వెలుతురు కాస్త ఎక్కువైనా ఫరవాలేదు, తక్కువైతేనే నీడలు బురదగా వస్తాయి. అందుకే 100 వేగం రీలు వేసి, వెలుతురు ఎక్కువ పడేలా డయల్ 64 దగ్గర పెట్టేవాళ్లం, ఫ్లాష్‌తో తీస్తే లెన్స్ కంత (అపర్చర్) అర స్టాపు ఎక్కువ తెరిచేవాళ్లం. ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు. మిగతాది ల్యాబ్‌లో ప్రింటర్ దగ్గర కూర్చున్న కుర్రాడు సర్దేవాడు. నా పనితనం అనుకున్నదాంట్లో సగం అతనిదేనని అప్పుడే తెలిసింది. సెన్సార్ తవ్వతో బియ్యం కొలిచినట్టు లెక్క తేలుస్తుంది. అంచు దాకా నిండాక పోసిందంతా కింద పాలే. నెగటివ్ మాత్రం తవ్వ మీద గోపురం కట్టినట్టు ఇంకా కొంత నిలుపుకుంటుంది.

ఆ తొమ్మిది ఫోటోలే నా పరువు నిలిపాయి. వాటిలో మడతలున్నాయి, పసుపు మరకలు కూడా ఉన్నాయి. ఆల్బమ్‌లో మధుపర్కాల పేజీలన్నీ అవే.

తర్వాత పది రోజులు డాబా మీద బడి పెట్టుకున్నాను. మా ఆవిడ ఎర్రంచు తెల్లచీరను దండెం మీద ఆరేసి, స్టాపులో మూడో వంతు చొప్పున తగ్గించుకుంటూ తీశాను. కెమెరాలో ఒక సౌకర్యం ఉంది: తెలుపు కాలిపోయిన చోటు తెర మీద మిణుకుమిణుకుమంటుంది. పెళ్లినాడు దాన్ని ఆన్ చేసుకోవాలన్న సంగతే నాకు తెలియదు. ఆ చీర దగ్గర స్టాపులో మూడింట రెండు వంతులు తగ్గించేసరికి మిణుకులు ఆగాయి. వెలుగునీడల పాళ్లు చూపే గ్రాఫు, అంటే హిస్టోగ్రామ్, తెలుపు వైపున్న కుడి గోడకు తగలకుండా చూసుకోవడం, నీడలను తర్వాత కంప్యూటర్‌లో లేపుకోవడం నేర్చుకున్నాను. సెన్సార్ పట్టినదంతా కెమెరా సర్దకుండా దాచే రా ఫైలులో పోయిన తెలుపు ఇంకాస్త దొరుకుతుంది, కానీ ఒక్కొక్కటి 5 ఎంబీ. అందుకని మధుపర్కాల ఘట్టానికే రా, మిగతా పెళ్లంతా జేపెగ్. ఈ అవస్థ చూసి మా ఆవిడ, "చీర ఆరడానికి ఇన్ని ఫోటోలా?" అంది.

రెండో పెళ్లిలో పంచె మడతలు లెక్కపెట్టుకునేలా వచ్చాయి. సన్‌గన్ లైటు వల్ల వచ్చే పసుపు రంగు మాత్రం ఇంకో రెండు పెళ్లిళ్ల దాకా నన్ను వేధించింది. రీలు రోజుల్లో దాన్ని కూడా ల్యాబ్ కుర్రాడే తీసేసేవాడు మరి.

ఆ రెండో పెళ్లికి కూడా ఎఫ్‌ఎం2 సంచిలో వచ్చింది. కొన్ని కొట్టాను, అవసరం పడలేదు. ఇప్పుడది షోకేసులో ఉంది, కౌంటర్ 22 దగ్గర ఆగి ఉంది. లోపల రీలు అలాగే ఉంది. కడిగించాలని ఆ మధ్య విజయవాడ వెళ్లినప్పుడు పాత వీధికి పోయాను. టీకొట్టు ఉంది, ల్యాబ్ లేదు. టీ తాగి వచ్చేశాను.