స్ప్లెండర్ ఇంజను కేసులో థ్రెడ్ పోతే: హెలికాయిల్ వేసిన నా అనుభవం

మా ఇంట్లో 2006 నాటి హీరో హోండా స్ప్లెండర్ ఉంది. ఇంజను కుడివైపు క్లచ్ కవరు కింది అంచు నుంచి ఆయిలు చెమర్చడం మొదలైంది. నేల మీద పెద్దగా పడేది కాదు గానీ, సైలెన్సర్ పైపు మీద పడి మాడు వాసన వచ్చేది. లీటరు ఆయిలు కూడా పట్టని ఇంజను కాబట్టి ఈ చెమ్మను తేలిగ్గా తీసుకోకూడదు. కవరుకూ ఇంజనుకూ మధ్య ఆయిలు కారకుండా వేసే ప్యాకింగు పోయి ఉంటుందని ముందు అనుకున్నాను. 8వ నంబరు టీ స్పానర్ పెట్టి కవరు బోల్టులు ఒక్కొక్కటే చూస్తూ వస్తే, వాటిలో రెండు ఎంత తిప్పినా బిగియకుండా తిరుగుతూనే ఉన్నాయి. ఒకదాన్ని బయటికి లాగితే దాని మరలకు అల్యూమినియం పోగు చుట్టుకుని వచ్చింది. అది కేసులో, అంటే కవరు బిగించే ఇంజను పెట్టెలో, ఉండాల్సిన థ్రెడ్ (మర).

బోల్టు ఉక్కుది, కేసు అల్యూమినియంది. బలం ఎక్కువైతే మామూలుగా ముందు తెగేది అల్యూమినియం మరే. ఇవి 6 మిల్లీమీటర్ల బోల్టులు, ఒక చుట్టుకు ఒక మిల్లీమీటరు లోపలికి దిగుతాయి. వీటికి 10 నుంచి 12 న్యూటన్ మీటర్ల బిగువు సరిపోతుంది, అంటే పొట్టి స్పానర్‌తో మణికట్టు బలం చాలు. ఈ బండిలో తిరుగుతూ మడ్డిని పట్టే ఆయిలు ఫిల్టరు క్లచ్ కవరు లోపలే ఉంటుంది. దాన్ని శుభ్రం చేయాలన్నా, క్లచ్ ప్లేట్లు మార్చాలన్నా కవరు విప్పాల్సిందే. ఇన్నేళ్లలో చాలా చేతులు పడ్డాయి.

అయితే ఇక్కడ జరిగింది బిగువు ఎక్కువవడం ఒక్కటే కాదు. కవరు బోల్టులన్నీ ఒకే పొడవు ఉండవు. అన్నీ విప్పి వాటి బెజ్జాల ముందు పేర్చి చూస్తే, పొడుగు బోల్టు ఉండాల్సిన ఒక చోట పొట్టిది ఉంది. ఎప్పుడో విప్పి బిగించినప్పుడు తారుమారయ్యాయన్నమాట. పొట్టి బోల్టు మూడు నాలుగు మరలనే పట్టుకుంటుంది. పది మరలు పంచుకోవాల్సిన బరువు నాలిగింటి మీద పడితే అవి ఊడిరాక ఏం చేస్తాయి?

అందుకే థ్రెడ్ పోయిందనగానే డ్రిల్లు తీయొద్దని నా సలహా. ముందు అగ్గిపుల్లతో బెజ్జం లోతు కొలవండి. కవరు మందం కలుపుకుని ఎంత పొడవు బోల్టు పడుతుందో లెక్క వేయండి. పొట్టి బోల్టు పెట్టిన ఆ బెజ్జంలో టార్చి వేసి చూస్తే, పైన నున్నగా అయిపోయినా అడుగున మరలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. అసలు పొడవు బోల్టు తెచ్చి వేళ్లతో దింపితే హాయిగా పట్టింది. ఒక బెజ్జం పని అక్కడితో అయిపోయింది.

రెండో బెజ్జం అలా లేదు. అడుగు దాకా నున్నగా ఉంది. దానికి మా వీధిలో వినిపించే వైద్యాలు మూడు. బోల్టుకు టెఫ్లాన్ టేపు చుట్టి, అంచుకు అనబాండ్ (చెమ్మను ఆపే జిగురు) దట్టించడం ఒకటి. ఇది నాకు నచ్చదు. అనబాండ్ ఆయిలును ఆపుతుందే గానీ బోల్టును పట్టి ఉంచదు, ఇంజను వేడెక్కి చల్లారుతుంటే మళ్లీ మొదటికొస్తుంది. రెండోది 8 మిల్లీమీటర్ల ట్యాపు (బెజ్జంలో మర కోసే పనిముట్టు) కొట్టి లావు బోల్టు వేయడం. దానికి కవరు బెజ్జాన్ని కూడా పెద్దది చేయాలి, కేసులో బెజ్జం చుట్టూ ఉన్న గోడ పల్చబడుతుంది. అదీ పోతే ఇక చేయడానికేమీ మిగలదు. కేసే మార్చాలంటే ఇంజను మొత్తం విప్పి రెండు ముక్కలు చేయాలి. ఒక్క బోల్టు కోసం అంత పనా!

మూడోది హెలికాయిల్. స్టెయిన్‌లెస్ స్టీలు తీగను స్ప్రింగులా చుట్టి చేసిన మర అది. కేసులో కొంచెం పెద్ద థ్రెడ్ కోసి, ఈ చుట్టను అందులో దింపితే లోపల మళ్లీ పాత 6 మిల్లీమీటర్ల మరే తయారవుతుంది. పాత బోల్టే పడుతుంది, కవరును ముట్టుకోనక్కర్లేదు. దీన్ని తాత్కాలికపు అతుకుగా చూసేవాళ్లున్నారు. అది సరికాదు. విమానాల భాగాల్లో కొత్తగా తయారుచేసేటప్పుడే అల్యూమినియంలో ఇలాంటి చుట్టలు వేస్తారు. బరువు ఇంకాస్త వెడల్పైన అల్యూమినియం మీద పడుతుంది, ఎన్నిసార్లు విప్పి బిగించినా రాపిడి ఉక్కు మీదే.

కిట్టు కొనేటప్పుడు చూసుకోవాల్సింది ట్యాపు. హెలికాయిల్‌కు దాని సొంత ట్యాపే కావాలి. 6 మిల్లీమీటర్ల చుట్టకు కోసే మర బయటి కొలత సుమారు 7.3 మిల్లీమీటర్లు. ఇంట్లో ఉన్న 7 మిల్లీమీటర్ల ట్యాపుతో సరిపెడదామంటే చుట్ట దిగదు. డ్రిల్లు బిట్టు 6.3. చుట్టల్లో 9, 12 మిల్లీమీటర్ల పొడవువి దొరుకుతాయి. బెజ్జంలో చోటుంది కాబట్టి నేను 12 తీసుకున్నాను.

పనంతటిలో కష్టమైనది బెజ్జాన్ని నిటారుగా పెద్దది చేయడం. కాస్త వంకర పోయినా బోల్టు కవరులోంచి వచ్చి మరను అందుకోదు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక లేత్ షాపుకు వెళ్లి అడిగితే, అక్కడి పెద్దాయన కేసు చూడకుండానే విషయం చెప్పేశాడు. "ఒట్టి చేత్తో కొడితే బిట్టు దాని ఇష్టమొచ్చినట్టు పోద్ది బాబూ. ముక్కొకటి చేసిస్తాను, అది ఆనించి కొట్టుకో."

"కేసు మీద సరిగ్గా కూర్చుంటుందా బాబాయ్?"

"ముఖం తీసిన బిగింపులోనే హోలు కొడతా. ఎట్టా వంకరొస్తది?"

అంగుళం మందం గుండ్రటి ఇనప ముక్కను లేత్ చక్‌లో (ముక్కను పట్టి తిప్పే భాగం) బిగించి, ముఖం చదును చేసి, విప్పకుండా అదే బిగింపులో 6.3 బెజ్జం వేశాడు. ఆ ముఖాన్ని కేసు మీద ఆనిస్తే బిట్టు ఇక పక్కకు వాలే వీల్లేదు. ఇలాంటి ఉపాయం కిట్టు పెట్టెలో దొరకదు, చేతి పనిలో ఏళ్లు గడిపిన మనిషి దగ్గరే దొరుకుతుంది.

ఇంటికొచ్చి ఆయిలు దించి, కిక్ రాడ్డు, ఫుట్‌రెస్టు తీసి కవరు విప్పాను. కేసు అంచుకున్న పాత ప్యాకింగును గీతలు పడకుండా గీకేశాను. క్లచ్, గేర్ల వైపు పోగులు రాని గుడ్డ కుక్కి, బెజ్జం చుట్టూ గ్రీజు పూశాను. అల్యూమినియం పొట్టును అయస్కాంతం పట్టదు, లోపలికి పోతే వెతుక్కోవడమే. బండిని సెంటర్ స్టాండు మీదే ఉంచాను. బెజ్జం అడ్డంగా ఉంటే పొట్టు బయటికే రాలుతుంది.

బిట్టుకు లోతు దగ్గర టేపు చుట్టి, కిరోసిన్ చుక్కలు వేస్తూ డ్రిల్లును నిదానంగా నడిపాను. ట్యాపు దగ్గర తొందర అసలు పనికిరాదు. అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి, మధ్యమధ్య బయటికి తీసి కిరోసిన్‌లో కడిగి మళ్లీ. ట్యాపు అడుగుకు తగిలితే చేతికి తెలిసిపోతుంది, అక్కడ ఆపేయాలి. ఇంజను కేసులో ట్యాపు విరిగితే దాన్ని తీయడం థ్రెడ్ పని కంటే పెద్ద పని.

పెట్రోలుతో కడిగి, కళ్లద్దాలు పెట్టుకుని గాలి కొట్టాక చుట్టను దాని పనిముట్టుకు తగిలించి తిప్పాను. నొక్కకూడదు, తిప్పుతుంటే అదే దిగుతుంది. పైఅంచు కేసు ముఖం కంటే అర చుట్టు లోపలికి వెళ్లాక ఆపాలి, పైకి ఉంటే ప్యాకింగు కూర్చోదు. చుట్ట అడుగున అడ్డంగా ఉండే చిన్న తోకను సన్నటి పంచ్ పెట్టి ఒక్క దెబ్బతో విరిచి, గ్రీజు అద్దిన తీగతో బయటికి తీశాను. స్టెయిన్‌లెస్ కాబట్టి దీనికీ అయస్కాంతాన్ని నమ్ముకోలేం.

కొత్త ప్యాకింగు వేసి బోల్టులన్నీ ముందు వేళ్లతోనే చివరిదాకా దింపాను. తర్వాత ఎదురెదురుగా, రెండు విడతల్లో, బిగువు కొలిచే టార్క్ రెంచ్‌తో 10 న్యూటన్ మీటర్లకు బిగించాను. హెలికాయిల్ వేసిన బోల్టు మిగతావాటి కంటే గట్టిగా ఆగింది. ఆయిలు పోసి బండిని వేడెక్కేదాకా తిప్పి వచ్చి, కింది అంచును తెల్ల గుడ్డతో తుడిస్తే మరక అంటలేదు.

ఇప్పుడు కవరు ఆకారాన్ని ఒక అట్ట మీద గీసి, ఏ బెజ్జానికి ఎంత పొడవు బోల్టో రాసి సీటు కింద పెట్టాను. మళ్లీ ఎవరు విప్పినా బోల్టులు ఆ అట్టకు వరసగా గుచ్చుకుంటే తారుమారు కావు.