గ్రహణం నాటికే అయిపోయింది

నేను పుట్టింది 1996 మార్చిలో. రెండు కళ్ళల్లోనూ కంటిపాప గుండ్రంగా ఉండదు, కిందికి జారి తాళంకప్ప బెజ్జంలా ఉంటుంది. కోలోబోమా అంటారు. ఆ చీలిక లోపల రెటీనాలో, అంటే కంటి వెనక వెలుగుని పట్టే పొరలో కూడా ఉంది, అసలు ప్రమాదం అక్కడే, దాని అంచుల్లో రెటీనా చాలా పల్చగా ఉంటుంది.

2024 దసరా సెలవుల్లో కుడి కంట్లో, అంటే నాకు బాగా కనిపించే కంట్లో మెరుపులు మొదలయ్యాయి, అలసట అనుకుని పడుకున్నా, రెండ్రోజులకి నల్లచుక్కలు, నాలుగోరోజు పొద్దున లేచేసరికి పక్కనుంచి తెర దించినట్టు సగం చూపు లేదు. మీకెవరికైనా అలా మెరుపులొస్తే దయచేసి ఆరోజే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. రెటీనా ఊడింది. విట్రెక్టమీ, అంటే కంటి లోపలి జెల్ తీసేసే ఆపరేషన్ చేసి, చీలిక అంచు చుట్టూ లేజర్ వేసి, రెటీనా కదలకుండా సిలికాన్ ఆయిల్ నింపారు. తర్వాత పదిరోజులు బోర్లానే పడుకోవాలి, అన్నం కూడా తల వంచుకునే, అమ్మే ముద్దలు కలిపి పెట్టేది.

ఒకరాత్రి అమ్మ ఏడ్చేసింది. నేను కడుపులో ఐదోనెల ఉండగా, 1995 అక్టోబర్ 24న సూర్యగ్రహణం. ఆ పొద్దున కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరిగిందట. నువ్వు పెట్టిన గాటే బిడ్డ కంట్లో పడిందే అని నానమ్మ దగ్గర్నుంచి పక్కింటివాళ్ళ దాకా అన్నారట, 28 ఏళ్ళు ఆ మాట మోసింది, నాకు తెలియనే తెలీదు. పెదవి చీలితే గ్రహణం మొర్రి అని పేరే పెట్టేశాం కదా మనం, ఎంతమంది తల్లులు ఇలా ఏడ్చుంటారో.

జెనెటిక్ కౌన్సెలింగ్‌కి రమ్మంటే అమ్మని కూడా తీసుకెళ్ళా. అక్కడి మేడం బొమ్మ గీసి చెప్పారు. కడుపులో కన్ను మొదట చిన్న గిన్నెలా తయారవుతుంది, రక్తనాళాలు లోపలికి వెళ్ళడానికి దాని అడుగున సందు ఉంటుంది, పిండానికి ఐదోవారం నుంచి ఏడోవారంలోపు ఆ రెండంచులూ కలిసి అతుక్కోవాలి, నాకు అతుక్కోలేదు. ఆ పని నడిపించే జీన్స్‌లో, అంటే జన్యువుల్లో పాక్స్2 ఒకటి, దానికి కిడ్నీల తయారీలోనూ పనుంది కాబట్టి నాకు కిడ్నీ స్కాన్ చేయించారు, బాగానే ఉన్నాయి. రక్తపరీక్షలో ఏ జీన్‌లోనూ తప్పు దొరకలేదు, చాలామందికి దొరకదట, అంతమాత్రాన జీన్స్ వల్ల కాదని కూడా చెప్పలేమన్నారు.

అమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటోంది. "అయితే గ్రహణం నాటికే అయిపోయిందా మేడం?"

"రెండునెలల ముందే అయిపోయిందమ్మా."

"ఇంకొక్కసారి చెప్పండి" అంది. ఆవిడ విసుక్కోకుండా మళ్ళీ మొదట్నుంచి గీశారు.

ఆయిల్ తీశాక కుడికన్ను 6/18కి వచ్చింది, అంటే మామూలు కంటికి 18 మీటర్ల నుంచి కనిపించేది నాకు 6 మీటర్ల నుంచి కనిపిస్తుంది, ఎడమకంటికి కూడా ముందుజాగ్రత్తగా లేజర్ వేశారు. మొన్న చెకప్‌కి నేనూ వస్తానని అమ్మ బయల్దేరింది. నేను డ్రాప్స్ వేయించుకుని వచ్చేసరికి, చంటిపాపతో ఉన్న ఒకమ్మాయి పక్కన కూర్చుని "నీకు గ్రహణం ఎన్నోనెలలో వచ్చిందమ్మా" అని అడుగుతూ వేళ్ళు మడుస్తోంది.